బియ్యం నిండుకున్నాయి

కాకినాడలో గవర్రాజు గొంతు తెలిసినంతగా గవర్రాజు ఎవరికీ తెలియడు. ఇరవై రెండేళ్ళ పాటు బస్ కాంప్లెక్స్‌లో మైకు ముందు కూర్చుని, "ప్రయాణికులకు గమనిక. అమలాపురం వెళ్ళు బస్సు నాలుగవ నంబరు ప్లాట్‌ఫారం నుండి మరి ఐదు నిమిషాలలో బయలుదేరును" అని చెప్పిన మనిషి ఆయన. ఆ ఐదు నిమిషాలు ఏనాడూ ఐదు నిమిషాలు కావన్నది వేరే సంగతి. బస్సు రాకపోతే జనం డ్రైవర్ని తిట్టుకున్నారు, రోడ్లను తిట్టుకున్నారు గాని, ఆ గొంతును మాత్రం ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు.

అలాంటి గొంతుకే పుండు లేచింది. స్వరపేటిక తీసేయక తప్పదన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కు నలభై రోజులు గడువిచ్చారు. ఆ నలభై రోజులూ ఆయన భార్య హైమవతి సెలవు పెట్టి, ఎదురుగా కూర్చుని ఆయన చేత మాట్లాడించింది. బస్సుల టైం టేబులు, పాత పంచాంగాలు, శుభలేఖలు, కిరాణా చీటీలు, చివరికి ఆయన నోటికొచ్చిన తిట్లు కూడా వదలకుండా రికార్డు చేసి, హాల్లో ఉన్న కంప్యూటర్‌లోకి ఎక్కించింది. సర్పవరం దగ్గర ఒక పరిశోధనశాలలో ఆమె పనే అది, యంత్రాలకు మనుషుల మాట నేర్పడం.

"నొప్పిగా ఉంటే ఆపేద్దామండీ," అనేది.

"ఇప్పుడాపితే మళ్ళీ ఏ జన్మలో చెప్తానే? కానీ, కానీ," అనేవాడు బొంగురు గొంతుతో.

ఆపరేషన్ అయ్యాక ఆయన మెడకు ఒక పట్టీ వచ్చింది. ఆయన పెదవులు కదిపితే మెడ కండరాల కదలికను ఆ పట్టీ పసిగట్టి ఇంట్లో కంప్యూటర్‌కు పంపుతుంది. అది రెప్పపాటులో దాన్ని ఆయన పాత గొంతులో మాటగా మార్చి, పట్టీలో ఉన్న చిన్న స్పీకర్లోంచి పలికిస్తుంది. మొదటిసారి పట్టీ కట్టుకున్ననాడు గవర్రాజు అద్దం ముందు నిలబడి, "ప్రయాణికులకు గమనిక" అన్నాడు. అని, గోడకు ఆనుకుని ఏడ్చాడు. హైమవతి కూడా పక్కనే కూర్చుని ఏడ్చింది.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో కంప్యూటర్ అంటే కంప్యూటర్ కాదు, ఇంటాయన గొంతు. దానికేమైనా అయితే ఆయన మళ్ళీ మూగవాడే. హైమవతికి కూర్చున్నా నిలుచున్నా అదే బెంగ.

బెంగ ఊరికే పుట్టలేదు. పక్కింటి రమణమ్మ గారి కంప్యూటర్‌లో ఒకనాడు ఎర్రటి బొమ్మ ఒకటి లేచి, "మీ కంప్యూటర్‌కు మూడు వందల నలభై వైరస్‌లు పట్టాయి, ఇక్కడ నొక్కితే మందు వేస్తాం" అని చక్కటి తెలుగులో మాట్లాడింది. పాపం ఆవిడ హడలిపోయి నొక్కింది. అంతవరకూ లోపల ఒక్క వైరస్ కూడా లేదు. మందని చెప్పి వేసిందే వైరస్. మనవరాలి చిన్నప్పటి ఫొటోలతో సహా అంతా ఊడ్చుకుపోయింది. ఆ ఏడు ఊళ్ళో ఇలాంటి దొంగ యాంటీవైరస్‌లు వీధికొకటి.

"చూడు సునందా," అంది హైమవతి, పరిశోధనశాలలో తనతో పనిచేసే అమ్మాయితో. "ఈ దొంగలందరికీ ఒకటే లక్షణం. లేనిది ఉందంటారు, ఉన్నది లేదంటారు. ఆ ఒక్క ముక్క పట్టుకుంటే చాలు, దొరికిపోతారు."

ఆ ముక్క మీదే రెండేళ్ళు కష్టపడి ఆమె 'పహరా' తయారుచేసింది. ఇంటి కంప్యూటర్‌లోకి ఎవరొచ్చి ఏం మాట్లాడినా పహరా వింటుంది. చెప్పిన మాటను ఉన్న నిజంతో పోల్చి చూస్తుంది. ఇప్పుడు ఇళ్ళల్లో తలుపుకీ, గ్యాస్ బండకీ, బియ్యం డబ్బాకీ కూడా కొలతలు చెప్పే బిళ్ళలు ఉంటున్నాయి కదా, పోల్చడానికి కొరతేం లేదు. నిజం చెప్పినవాడికి మార్కు వేస్తుంది, అబద్ధం చెప్పినవాడికి కోస్తుంది. మార్కులు బాగా పడిపోయినవాడి నోరు నొక్కేస్తుంది. మొట్టమొదట దాన్ని హైమవతి తన ఇంట్లోనే పెట్టింది. గవర్రాజు గొంతుకు ఇంకో నకలు కూడా ఎక్కడా ఉంచలేదు. నకలంటే దొంగకు రెండో తలుపు తెరిచినట్టేనని ఆమె నమ్మకం.

ప్రదర్శన రోజు పొద్దున్న హైదరాబాదు నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారని హైమవతి కాలు నిలవకుండా తిరుగుతోంది. గవర్రాజు వంటింట్లోంచి తొంగి చూశాడు. ఉద్యోగం మానేశాక వంటిల్లు ఆయనదే.

"హైమా, బియ్యం నిండుకున్నాయి. వచ్చేటప్పుడు చెప్పిరా కొట్లో."

గవర్రాజు తల్లి ఉన్నన్నాళ్ళూ, ఆ ఇంట్లో బియ్యం 'అయిపోయాయి' అంటే వీపు విమానం మోత మోగేది. లక్ష్మీదేవిని లేదని అనకూడదని ఆవిడ పట్టింపు. డబ్బా అడుగంటినా సరే, నిండుకున్నాయి అనే అనాలి. దీపం ఆరిపోయింది అనకూడదు, కొండెక్కింది అనాలి. కొడుక్కి ఆ మాటలు అన్నంతో పాటు ఒంటబట్టాయి.

ఆయన ఆ మాట అన్నాడో లేదో, హాల్లో తెర మూల పచ్చగా వెలిగే పహరా చుక్క ఎర్రగా మారింది. హైమవతి చెప్పులు వేసుకుంటూ చూసింది.

"అదిగో, మళ్ళీ నా మీద గుడ్లురుముతోంది నీ పహరా," అన్నాడు గవర్రాజు. "నెల రోజుల్నుంచీ ఇదే వరస. నేనేం చేశానే దానికి?"

"ఐదు నిమిషాల్లో వస్తానని గంటకొస్తే ఉరమదా మరి! ఇరవై రెండేళ్ళ అలవాటు, ఎక్కడికి పోతుంది?" అని నవ్వింది హైమవతి.

"అది సరేగాని, వారం నుంచి ఎవరో కొత్తావిడ మాట్లాడుతోంది ఇందులో. బయట ముప్పై నాలుగు డిగ్రీలండీ, గ్యాస్ సగం ఉందండీ, వీధి తలుపు తెరిచి ఉందండీ అని ఒకటే కబుర్లు. ఎవరావిడ?"

"వాతావరణం చెప్పేదేదో అయ్యుంటుందిలెండి. చుక్క పచ్చగానే ఉంటోందా?"

"ఆవిడ మాట్లాడితే పచ్చగానే ఉంటోంది. నేను నోరు తెరిస్తేనే దానికి మంట."

"పచ్చగా ఉంటే మంచిదే. సాయంత్రం వచ్చి చూస్తాను. వెళ్ళొస్తానండీ," అనేసి ఆటో ఎక్కింది. సాయంత్రం చూడొచ్చనుకుంది. ఆ మాట తల్చుకుని తర్వాత ఎన్ని రోజులు ఏడ్చిందో లెక్కలేదు.

పరిశోధనశాల హాల్లో పాతిక మంది కూర్చున్నారు. సునంద ఒక దొంగ యాంటీవైరస్‌ను తెర మీదికి వదిలింది. "మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది" అని అది నోరు తెరిచీ తెరవగానే పహరా పట్టుకుని గెంటేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. హైమవతికి కడుపు నిండిపోయింది.

సరిగ్గా అప్పుడే ఆమె ఫోను కంపించింది. ఇంటి పహరా నుంచి కబురు.

'ఇంట్లో గవర్రాజు పేరుతో రెండు గొంతులు ఉన్నాయి. ఒకటి నిజం చెప్పేది, నూటికి నూరు మార్కులు. రెండోది అబద్ధాలాడేది, నూటికి పదకొండు. అబద్ధాల గొంతు మీకు ఫోన్ చెయ్యబోయింది, ఆపాను. దాన్ని తుడిచెయ్యాలా?'

హైమవతి గుండె ఝల్లుమంది. మరుక్షణం ఆ ఝల్లు గర్వంగా మారింది. దొంగ తన ఇంటికే వచ్చాడు, తను కట్టిన కాపలాకే దొరికాడు! ఆ కబురును పెద్ద తెర మీద పెట్టించింది.

"చూడండి సార్, మేం ఏర్పాటు చేసింది కాదిది. ఇప్పుడే మా ఇంట్లో జరుగుతోంది. మా వారి గొంతును ఎవరో కాపీ కొట్టారు. ఆ దొంగ గొంతుతోనే నాకు ఫోన్ చెయ్యాలని చూస్తున్నారు."

కబురు మళ్ళీ వచ్చింది. 'అబద్ధాల గొంతు రెండోసారి ప్రయత్నించింది. ఆపాను.' కాసేపటికి, 'మూడోసారి. ఆపాను.'

సునంద దగ్గరికొచ్చి మెల్లిగా అంది. "మేడమ్, నొక్కే ముందు ఒక్కసారి ఇంటికి ఫోన్ చేసి సార్ని అడిగితే మంచిదేమో."

"చేస్తే పలికేది ఆ దొంగ గొంతే కదా, సునందా! అదే కదా వాడికి కావాల్సింది!"

హాల్లో అందరూ మెడలు చాచి చూస్తున్నారు. హైమవతి 'తుడిచెయ్యి' మీద వేలు పెట్టి నొక్కింది. తెర మీద గీత ఒకటి ఎడమ నుంచి కుడికి పాకి ఆగింది. 'పూర్తయింది. ఇక ఇంట్లో అబద్ధం లేదు,' అంది పహరా. ముందు వరసలో ఉన్న పెద్దాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

ఆ చప్పట్లు ఇంకా ఆగకుండానే హాలు తలుపు దగ్గర గలాటా మొదలైంది. కాపలావాళ్ళు ఎవరినో లోపలికి రానివ్వడం లేదు. వాళ్ళ వెనక ఒక ఆటో డ్రైవరు అరుస్తున్నాడు.

"ఆయ్, వదలండి బాబూ! పాపం మాటరాని మనిషండీ. జగన్నాథపురం కాణ్ణుంచి పలక మీద రాసి చూపించి పరుగెట్టిత్తన్నాడండీ నన్ను. లోపల ఈయన భార్య ఉందంట!"

గవర్రాజు వాళ్ళను తోసుకుని లోపలికొచ్చాడు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది, కాళ్ళకు చెప్పుల్లేవు. చేతిలో ఆసుపత్రి రోజుల నాటి పలక. దాని మీద, చెమట చేతికి సగం చెదిరిన సుద్ద అక్షరాలు: 'నొక్కకు హైమా. నేనే అసలు. ఆ ఆడది దొంగ.'

ఆయన పెదవులు గబగబా కదులుతున్నాయి. మెడ పట్టీలోంచి చప్పుడు లేదు.

హైమవతి పలక చదివింది. తెర వైపు చూసింది. మళ్ళీ పలక చదివింది. "అయ్యో... అయ్యో, ఏవండీ," అంది. ఆ పాతిక మంది ముందే నేల మీద చతికిలబడింది.

గవర్రాజు ఆమె ముఖం చూశాడు. ఆయనకు విషయం అర్థమైంది. పలక పక్కన పెట్టి, ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం సునందా హైమవతీ ఇంటికి వచ్చి పహరా చిట్టా తెరిచారు.

'గవర్రాజు చెప్పినది: బియ్యం నిండుకున్నాయి. అనగా డబ్బా నిండుగా ఉన్నది. నిజం: డబ్బా ఖాళీ. అబద్ధం.'

'గవర్రాజు చెప్పినది: దీపం కొండెక్కింది. నిజం: దీపం గూట్లోనే ఉన్నది, వెలగడం లేదు. అబద్ధం.'

'గవర్రాజు చెప్పినది: ఐదు నిమిషాల్లో వస్తా. నిజం: యాభై రెండు నిమిషాలు. అబద్ధం.'

ఇలాంటివి నెల రోజులకు పేజీలకు పేజీలు. వాటి కింద ఆ కొత్తావిడ మాటలున్నాయి. ఉష్ణోగ్రత, గ్యాస్, తలుపు, తారీకు, కరెంటు. ఒక్కటంటే ఒక్క అబద్ధం లేదు. పహరా పద్ధతి తెలుసుకున్న దొంగ ఎవడో వారం రోజుల పాటు ఆ ఇంట్లో కూర్చుని నిజాలు చెప్పి మార్కులు కూడబెట్టుకున్నాడు. నూరు మార్కులూ నిండాక గవర్రాజు గొంతుకు నకలు తీసి, ఆ నకలు నోటితో కూడా నాలుగు నిజాలు పలికించాడు. మార్కులు పడిపోయి పహరా నోరు నొక్కేసిన గవర్రాజు, ఇంటి తెర మీద ఆ రెండు గొంతుల లెక్క చూసే పలక పట్టుకుని పరుగెత్తాడు. హైమవతి వేలు పడగానే అసలు గొంతు తుడుచుకుపోయింది, నకలు తీసుకుని దొంగ దర్జాగా నడిచి వెళ్ళిపోయాడు.

"నిండుకున్నాయంటే అయిపోయాయని దానికి చెప్పలేదా మేడమ్?" అంది సునంద.

"చెప్పాలని తోచలేదే. నిండుకోవడం అబద్ధమని నాకెప్పుడూ అనిపించలేదు. అది మా అత్తగారి మాట," అంది హైమవతి. "అన్నం తినే ప్రతి ఇంట్లో అనే మాట. ఆ మాటకే నా మొగుణ్ణి దొంగని చేశాను."

గొంతు తిరిగి కట్టడానికి ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. నలభై రోజుల రికార్డులు కూడా గొంతుతో పాటే తుడుచుకుపోయాయి. పెళ్ళి వీడియో తీస్తే అందులో బాజాల హోరు తప్ప ఆయన మాట రెండు ముక్కలు కూడా లేదు. కాంప్లెక్స్‌కు వెళ్ళి అడిగితే, మైకులో చెప్పడమే గాని దాచే అలవాటు ఎప్పుడూ లేదన్నారు. అక్కడా ఇక్కడా వెతికితే దొరికినవి అరకొర ముక్కలే, వాటితో కట్టుకొస్తే ఎవరో వేరే మనిషి మాట్లాడినట్టు ఉంది. గవర్రాజు ఒకసారి విని, పట్టీ విప్పి బల్ల మీద పెట్టేశాడు. మళ్ళీ దాని జోలికి పోలేదు.

ఆయన ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. పలక మీద కూడా రాయలేదు. తిట్టినా బాగుండేదని హైమవతి కుమిలిపోయేది.

పది రోజులు తిరగకుండానే ఆ గొంతు ఊళ్ళో వినబడింది. భానుగుడి దగ్గర బట్టల కొట్టు ఆసామికి ఫోన్ వచ్చింది. తర్వాత ఒక స్కూలు టీచరుకు, ఆ తర్వాత రమణమ్మ గారి అక్కకు. "మీ కంప్యూటర్‌కు వైరస్ పట్టినది. మరి ఐదు నిమిషాలలో మొత్తము పాడగును. మేము చెప్పిన చోట నొక్కండి." కాంప్లెక్స్‌లో ఇరవై రెండేళ్ళు విన్న గొంతు. ఆ గొంతు చెబితే సంచి సర్దుకుని లేచిన జనం, ఇప్పుడు కూడా చెప్పిన చోటల్లా నొక్కారు.

హైమవతి పహరాను పరిశోధనశాలలో మూల పెట్టేసి, కాగితాలు అచ్చు వేయించి వీధుల్లో పడింది. గవర్రాజు కూడా సంచీ భుజాన వేసుకుని వెంట నడిచాడు. ఇంటింటికీ తలుపు తట్టి ఆమె చెప్పేది.

"చూడండమ్మా, కంప్యూటర్‌కు జబ్బు చేసిందని ఎవరు ఫోన్ చేసినా, తెర మీద ఏ బొమ్మ లేచినా నొక్కొద్దు. మనం పిలవకుండా వచ్చి మందిస్తానన్నవాణ్ణి నమ్మొద్దు. మా వారి గొంతులా వినిపించిందా, ఒక్క మాట అనండి: మా ఇంట్లో బియ్యం నిండుకున్నాయి, అనండి. మన మనిషైతే అయ్యో అంటాడు. వాడైతే సంతోషం అంటాడు. అప్పుడు ఫోన్ పెట్టేయండి."

"మీ ఆయన గొంతే నమ్మొద్దని మీరే చెబుతున్నారా తల్లీ!" అంది ఒక ముసలమ్మ, పక్కన నిలబడ్డ గవర్రాజును చూస్తూ. హైమవతి తల దించుకుంది. గవర్రాజు మాత్రం నమస్కారం పెట్టి కాగితం ఆవిడ చేతిలో పెట్టాడు.

రమణమ్మ గారు పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పింది ఒకనాడు. "ఏమే హైమా, నాకూ వచ్చిందే ఫోను! నిండుకున్నాయన్నాను. చాలా సంతోషం అన్నాడే వెధవ! ఠక్కున పెట్టేశాను." ఆ మాటకు గవర్రాజు నవ్వాడు. చప్పుడు లేని నవ్వు. ఆపరేషన్ తర్వాత హైమవతి ఆయన నవ్వు కేసి సరిగ్గా చూసింది అప్పుడే.

ఆ తర్వాత ఆదివారం పొద్దున్న వీళ్ళ ఫోనే మోగింది. గవర్రాజు వంటింట్లో కంది పప్పు ఏరుతున్నాడు. హైమవతి తీసింది.

"నమస్కారము మేడమ్. మీకొక గమనిక."

అదే గొంతు. నలభై రోజులు ఎదురుగా కూర్చుని ఒక్కో మాటా పోగు చేసుకున్న గొంతు. బొంగురు కూడా పోలేదు. 'హైమా' అని పిలవాల్సిన గొంతు 'మేడమ్' అంటోంది.

"మీ కంప్యూటర్‌కు వైరస్ పట్టినది మేడమ్. మరి ఐదు నిమిషాలలో..."

పెట్టేయాలని తెలుసు. ఊరందరికీ చెప్పింది తనే. పెట్టలేకపోయింది. ఇంకొక్క మాట, ఇంకొక్క మాట అనుకుంటూ ఫోను చెవికి అదుముకుంది. కళ్ళ నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఎప్పుడు వచ్చాడో, గవర్రాజు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"మేడమ్, వింటున్నారా?"

"వింటున్నానండీ," అంది హైమవతి. ఆ 'అండీ' ఆమెకు తెలియకుండానే వచ్చేసింది. "ఏవండీ... ఇంట్లో బియ్యం నిండుకున్నాయి."

"చాలా సంతోషము మేడమ్. ఇప్పుడు మీ తెర మీద ఎర్రటి చోట నొక్కండి."

గవర్రాజు దగ్గరికొచ్చాడు. ఆమె చేతిలోంచి ఫోను మెల్లగా తీసుకుని, ఒక్క క్షణం తన చెవి దగ్గర పెట్టుకుని తన గొంతు తనే విన్నాడు. విని, పెట్టేశాడు. తర్వాత మేకుకు తగిలించిన పలక తీసి, సుద్దముక్కతో నింపాదిగా రాసి ఆమె ముందు పెట్టాడు.

'గొంతు నిండుకుంది.'

అమ్మ నేర్పిన మాట. లేదని అనకూడని వాటికి వాడే మాట. హైమవతి ఆ రెండు ముక్కలూ చాలాసేపు చూసింది. ఆయన ఆమె వైపే చూస్తున్నాడు. ముఖంలో కోపం లేదు, ఆమె ఏమంటుందోనని మాత్రం ఎదురుచూస్తున్నాడు.

"అవునండీ," అంది చివరికి. "నిండుకుంది."

ఆ ఇంట్లో ఆ మాటను పైకి పలకడానికి ఇక ఆమె ఒక్కతే ఉంది.